రంగురంగుల బెవెల్: మా షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఫ్లెక్సులు, లేబుళ్లు, పెళ్లి కార్డులు డిజైన్ చేసే చిన్న షాపు మాది. పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు అడిగేవి కొన్ని, పని చేయించుకోవడానికి వచ్చేవాళ్లు అడిగేవి కొన్ని, ఇక్కడ రాసి పెడుతున్నాను. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు కోరల్‌డ్రా, ఇంక్‌స్కేప్, ఇలస్ట్రేటర్ మూడింటి గురించీ ఉంటుంది గానీ నా చెయ్యి ఎక్కువ తిరిగింది కోరల్ మీద.

అసలు బెవెల్ అంటే ఏమిటి?

అద్దాల షాపుకి వెళ్లి అంచు వాలుగా అరగదీసిన అద్దం కావాలంటే "బెవెలింగ్ ఉన్నదా, లేనిదా?" అని అడుగుతారు. ఆ బెవెలే ఇది. వస్తువు అంచుని నిటారుగా వదిలేయకుండా ఏటవాలుగా చెక్కడం. ప్రారంభోత్సవాల శిలాఫలకాలు గమనించండి. రాతిలో అక్షరాన్ని లోపలికి కోణంగా చెక్కుతారు, ఒక వాలు మీద ఎండ పడుతుంది, ఎదుటి వాలు నీడలో ఉంటుంది. ఆ తేడా వల్లే అక్షరం లోతుగా కనిపిస్తుంది.

తెర మీద వాలు ఉండదు, లోతూ ఉండదు. ఉండేది రంగు ఒక్కటే. "అక్షరాలు ఉబ్బెత్తుగా కనపడాలండీ" అని కస్టమర్ అడిగినప్పుడు మనం చేసేదల్లా ఏ వాలు మీద ఎంత వెలుతురు పడుతుందో ఆలోచించి, దానికి తగ్గ రంగు వేయడం. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే కింద రాసినవన్నీ దాన్నుంచే వస్తాయి.

కోరల్‌లో ఎఫెక్ట్స్ మెనూలో బెవెల్ ఉంది కదా. అందులో నాలుగైదు రంగులు ఎందుకు రావడం లేదు?

అది అందుకోసం చేసింది కాదు. ఆ డాకర్‌లో (పక్కన తెరుచుకునే సెట్టింగుల పెట్టెలో) సాఫ్ట్ ఎడ్జ్, ఎంబోస్ అని రెండు పద్ధతులు ఉంటాయి. సాఫ్ట్ ఎడ్జ్‌లో నీడకి ఒక రంగు, వెలుతురుకి ఒక రంగు ఇవ్వవచ్చు. వెలుతురు ఏ దిక్కు నుంచి, ఎంత ఎత్తు నుంచి, ఎంత గట్టిగా పడాలో చెప్పవచ్చు. అంతే. దీపం ఒకటే, నీడ ఒకటే. పై అంచు పసుపు, పక్క అంచు నారింజ, కింది అంచు వంగపండు రంగు కావాలంటే అక్కడ ఏ బటనూ లేదు.

చాలామంది ఇక్కడే ఆగిపోయి ఇంటర్నెట్‌లో ప్లగిన్ల కోసం వెతుకుతారు. వద్దు. రంగురంగుల బెవెల్‌ని ఎఫెక్ట్ అనుకోకండి, అది బొమ్మ. వాలుల్ని ముక్కలుగా కోసుకుని ఒక్కో ముక్కకి మనమే రంగు వేసుకోవాలి. ఈ ముక్కల్ని నేను పలకలు అంటాను, పలకలు తీర్చిన రాయి అంటాం కదా, అలాగ.

ఒక్కో అంచుకి ఒక్కో రంగు వేయడం ఎలా మొదలుపెట్టాలి?

నక్షత్రంతో మొదలుపెట్టండి. డిసెంబర్ వస్తే మా వైపు వీధి వీధికీ కాగితపు నక్షత్రాలు వేలాడతాయి, లోపల బల్బు పెట్టి. అలాంటిది ఒకటి దగ్గరగా చూడండి. అయిదు కొమ్ములు, ప్రతి కొమ్ముకీ మధ్యలో ఒక మడత, రెండు కొమ్ములు కలిసే పల్లంలో ఇంకో మడత. అన్ని మడతలూ నడిమధ్యలో కలుస్తాయి. లెక్కపెడితే పది త్రికోణాలు. బెవెల్ చేసిన నక్షత్రం సరిగ్గా ఇదే.

అయిదు కొమ్ముల నక్షత్రం గీయండి. కోరల్‌లో స్నాప్ టు ఆబ్జెక్ట్స్ ఆన్ చేసి పెన్ టూల్‌తో మూడు క్లిక్కులు: పై కొమ్ము మొన, దాని ఎడమ పల్లం, కేంద్రం. త్రికోణం మూసేయండి. కుడివైపు అలాంటిదే ఇంకొకటి. ఇప్పుడు ఈ రెండింటినీ ఎంచుకుని, తిరిగే కేంద్రాన్ని నక్షత్రం మధ్యకి జరిపి, 72 డిగ్రీల చొప్పున తిప్పుతూ నాలుగు కాపీలు తీయండి. 5 సార్లు 72 అంటే 360, చుట్టూ సరిపోతుంది. పది పలకలు వచ్చేశాయి. ఇంక్‌స్కేప్‌లోనైనా, ఇలస్ట్రేటర్‌లోనైనా దారి ఇదే, మెనూ పేర్లే మారతాయి.

కోరల్‌లో స్మార్ట్ ఫిల్, ఇలస్ట్రేటర్‌లో లైవ్ పెయింట్ ఉన్నాయి, గీతల మధ్య క్లిక్ చేస్తే ఆ ఖాళీ నిండుతుంది. అలవాటయ్యాక అవి వాడండి. మొదటి నక్షత్రం మాత్రం చేత్తో కోయండి, పలక అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది.

ఏ పలకకి ఏ రంగు వేయాలో ఎలా తెలుస్తుంది? నేను వేస్తే గజిబిజిగా ఉంటోంది.

గజిబిజికి కారణం ఒకటే: రంగు మార్చారు, వెలుతురు లెక్క చూసుకోలేదు. గోడ గడియారాన్ని గుర్తు పెట్టుకోండి. వెలుతురు 11 గంటల దిక్కు నుంచి వస్తోందని అనుకుందాం. ఇంక ప్రతి పలకా ఏ గంట వైపు చూస్తోందో చూడండి. 11 వైపు చూసేది అన్నిటికంటే వెలుగ్గా, 5 వైపు చూసేది అన్నిటికంటే చీకటిగా ఉండాలి. మధ్యలోవి మధ్యలో.

చతురస్రం బటన్ తీసుకుంటే పై అంచు 12 వైపు, ఎడమ అంచు 9 వైపు, కుడి అంచు 3 వైపు, కింది అంచు 6 వైపు చూస్తాయి. గంటకి 30 డిగ్రీలు కాబట్టి 11 నుంచి వాటి దూరాలు వరసగా 30, 60, 120, 150 డిగ్రీలు. చదువుకున్న త్రికోణమితి ఇక్కడ పనికొస్తుంది: వెలుతురు = 60 + 30 × ఆ దూరపు కొసైన్. పై అంచుకి 86, ఎడమకి 75, కుడికి 45, కిందికి 34 వస్తాయి. ఇవి హెచ్ఎస్ఎల్ (రంగు, గాఢత, వెలుతురు అని మూడు అంకెలతో రంగు చెప్పే పద్ధతి)లో ఎల్, అంటే వెలుతురు దగ్గర వేసే అంకెలు. 60, 30 అనేవి నేను పెట్టుకున్నవి. తేడా గట్టిగా కావాలంటే 30ని పెంచండి, మెత్తగా కావాలంటే తగ్గించండి.

నక్షత్రానికీ అంతే. పై కొమ్ము ఎడమ పలక దాదాపు తొమ్మిదిన్నర వైపు చూస్తుంది, కుడి పలక రెండున్నర వైపు. ఎడమకి 82, కుడికి 54 దాకా వస్తుంది. పక్కపక్క పలకల మధ్య ఇంత తేడా ఉంది కాబట్టే మడత కనిపిస్తుంది.

ఇప్పుడు రంగుల సంగతి. వెలుతురు అంకె కదలకుండా ఉంచి, రంగు మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి. ఒక కొమ్ము ఎరుపు, ఒకటి పచ్చ, ఒకటి నీలం, ఏదైనా సరే, ఉబ్బు చెడదు. ఒక్క మెలిక ఉంది. పసుపుకీ నీలానికీ ఎల్ అంకె ఒకటే వేసినా కంటికి పసుపు చాలా వెలుగ్గా, నీలం చీకటిగా కనిపిస్తాయి. అంకెల్ని గుడ్డిగా నమ్మితే నీడలో ఉండాల్సిన పసుపు పలక ఎండలో ఉన్నట్టు మెరుస్తుంది. అందుకని చివర్లో బొమ్మకి ఒక కాపీ తీసి గ్రేస్కేల్ చేసి చూస్తాను. బూడిద రంగులో కూడా ఉబ్బెత్తుగా కనిపిస్తే పాస్. లేకపోతే పసుపుని ఆవరంగు దాకా ముదర పెట్టాలి, నీలాన్ని తేల్చాలి. కళ్లు చికిలించి చూసినా సగం తెలిసిపోతుంది, మా గురువుగారు అదే చేసేవారు.

నేను చేసింది ఉబ్బెత్తుగా కాకుండా గుంటలా కనిపిస్తోంది?

వెలుతురు కింద నుంచి పెట్టి ఉంటారు. మన కంటికి సూర్యుడు పైనే ఉండాలి. పై అంచు చీకటి, కింది అంచు వెలుగు అయితే గుంటలా కనిపిస్తుంది. బొమ్మని తలకిందులు చేసి చూడండి, అదే ఉబ్బుతుంది.

మధ్యలో చదునుగా ఉండి, అంచు మాత్రమే వాలుగా ఉండాలంటే?

లోపలికి ఒక గీత కావాలి. కోరల్‌లో కాంటూర్ టూల్ తీసుకుని ఇన్‌సైడ్, స్టెప్స్ 1 పెట్టి, కంట్రోల్ కే కొట్టి విడగొట్టండి. ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలో ఇన్‌సెట్, లేదా వెడల్పు తర్వాత మార్చుకోవాలంటే డైనమిక్ ఆఫ్‌సెట్. ఇలస్ట్రేటర్‌లో ఆఫ్‌సెట్ పాత్‌లో మైనస్ అంకె. తర్వాత బయటి మూలనీ లోపలి మూలనీ కలుపుతూ గీతలు గీస్తే పలకలు విడిపోతాయి.

వాలు వెడల్పు మాత్రం అక్షరంలో అన్నిటికంటే సన్నని గీతలో సగానికి తక్కువ ఉండాలి. సన్నగీత 4 మిల్లీమీటర్లుంటే వాలు 2 కంటే తక్కువే. మించితే ఆ చోట లోపలి గీత మాయమైపోతుంది, లేదా ముక్కలైపోతుంది.

పలకలు కలిసే చోట సన్నటి తెల్ల గీతలు వస్తున్నాయి. ఫైల్ పాడైందా?

ఫైల్‌కి ఏమీ కాలేదు. రెండు ఆకారాలు అంచుకి అంచు తాకినప్పుడు, అంచులు నున్నగా కనపడటానికి సాఫ్ట్‌వేర్ రెండింటినీ విడివిడిగా కొంచెం పలచన చేస్తుంది. ఆ సందులోంచి వెనక ఉన్న తెలుపు తొంగి చూస్తుంది. చాలాసార్లు అది తెర మీదే ఉంటుంది, ప్రింట్‌లో రాదు. చాలాసార్లు అన్నాను, ఎప్పుడూ అనలేదు. ఒకసారి నల్ల నేల మీద వజ్రం ఆకారంలో నగల లోగో చేశాను. నా తెర మీద గీతలు కనపడుతూనే ఉన్నాయి, ప్రింట్‌లో రావులే అని పంపేశాను. ఫ్లెక్స్ కట్టాక చూస్తే వజ్రం మీద సాలెగూడు పట్టినట్టు నల్ల గీతలు. నేల నల్లది కదా, సందులోంచి నలుపు వచ్చింది. నా ఖర్చుతో మళ్లీ వేయించి ఇచ్చాను.

అప్పటినుంచీ పలకలన్నిటి వెనకా అదే ఆకారాన్ని మధ్యస్థపు రంగుతో నింపి పెడుతున్నాను. ఇంకా భయంగా ఉంటే ప్రతి పలకకీ దాని రంగుతోనే వెంట్రుక మందం ఔట్‌లైన్ ఇస్తాను. పక్క పలక మీదికి కాస్త ఎక్కుతుంది, సందు మూసుకుంటుంది.

ఇంగ్లీష్ అక్షరాలకి బాగానే వస్తోంది. తెలుగు అక్షరాలకి ఎందుకు కుదరడం లేదు?

ఇది మంచి ప్రశ్న, దీనికి రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది అతుకులు. అను ఫాంట్లలో (డీటీపీ పనికి వాడే తెలుగు ఫాంట్లు) టైప్ చేసి కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేస్తే, అంటే అక్షరాల్ని గీసిన ఆకారాలుగా మారిస్తే, ఒక్క అక్షరం అనుకున్నది రెండు మూడు ముక్కలుగా ఉంటుంది. ఒళ్లు ఒకటి, తలకట్టు ఒకటి, వత్తు ఒకటి, ఒకదాని మీద ఒకటి ఎక్కి. మామూలుగా ఒకే రంగు కాబట్టి తెలియదు. బెవెల్ వేసేసరికి ప్రతి ముక్కకీ విడిగా అంచు వస్తుంది, 'శ్రీ'ని నాలుగు ముక్కలు చేసి అంటించినట్టు కనిపిస్తుంది. కర్వ్స్ చేశాక ఒక్కో అక్షరం ముక్కల్ని ఎంచుకుని వెల్డ్ కొట్టండి, అన్నీ కలిసి ఒకే ఆకారం అవుతాయి. ఇంక్‌స్కేప్‌లో యూనియన్, ఇలస్ట్రేటర్‌లో పాత్‌ఫైండర్ యునైట్. యూనికోడ్ ఫాంట్లు వాడినా సరే, వైర్‌ఫ్రేమ్‌లో (రంగులు లేకుండా గీతలు మాత్రమే కనిపించే వ్యూలో) ఒకసారి చూసుకోండి. లోపల ఎక్కడైనా అడ్డగీత కనపడితే వెల్డ్ కాలేదన్నమాట.

రెండోది గుండ్రదనం. ఇంగ్లీష్ 'ఎం'కీ, 'ఏ'కీ తిన్నని గీతలు, మూలలు ఉంటాయి, పలకలు వాటంతటవే ఏర్పడతాయి. మన అక్షరాలకి మూలలేవీ? 'గుంటూరు' అని రాయండి. సున్నా, 'టూ'లో మెలిక, 'రు'లో కొమ్ము, అన్నీ తిరుగుడే. పలక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అక్షరం చెప్పదు, మనం నిర్ణయించాలి.

సున్నానే తీసుకోండి. అది ఒక ఉంగరం. దానికి బయటి వాలు ఒకటి, లోపలి వాలు ఒకటి. బయటి వాలు 11 గంటల దగ్గర మెరిసి, 5 దగ్గర చీకటవుతుంది. లోపలి వాలు దానికి సరిగ్గా తిరగేసి, 5 దగ్గర మెరిసి 11 దగ్గర చీకటవుతుంది, ఎందుకంటే లోపలి అంచు ఎదుటి వైపు చూస్తోంది. కొత్తవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది రెండు వాలులకీ ఒకే గ్రేడియంట్ (ఒక రంగులోంచి ఇంకో రంగులోకి కరిగే పూత) వేసేస్తారు, సున్నా కాస్తా పళ్లెంలా అయిపోతుంది. కోరల్‌లో ఈ పనికి కోనికల్ ఫౌంటెన్ ఫిల్ ఉంది, కేంద్రం చుట్టూ గడియారం ముల్లులా రంగు తిరుగుతుంది. బయటి పట్టీకి ఒకటి వేసి, లోపలి పట్టీకి దాన్నే 180 డిగ్రీలు తిప్పి వేస్తే సరిపోయింది. రంగులు ఎన్నైనా పెట్టండి, 11 దగ్గర నిమ్మపసుపు, 2 దగ్గర నారింజ, 5 దగ్గర ముదురు మెరూన్, 8 దగ్గర కుంకుమ రంగు, ఇలా. ఇలస్ట్రేటర్‌లో అయితే మందపాటి స్ట్రోక్ వేసి, గ్రేడియంట్‌ని స్ట్రోక్ వెంబడి నడిపించవచ్చు.

మిగతా అక్షరాలకి ఒక్క కేంద్రం ఉండదు కాబట్టి కోనికల్ కుదరదు. అంచు ఎక్కడ ఒక గంట మేర తిరిగిందో అక్కడల్లా వాలుని అడ్డంగా కోసి, ముక్క ముక్కకీ రంగు వేయాలి. 'రు'కి బయటి వైపే డజను దాటుతాయి. ఓపిక ఉంటే చాలా అందంగా వస్తుంది, చెక్కినట్టే ఉంటుంది. నాలుగక్షరాల పేరుకి చేస్తాను గానీ, ఆహ్వాన సంఘం సభ్యుల పేర్లన్నిటికీ చేయమంటే దండం పెడతాను.

ఫాంట్ కూడా చూసి ఎంచుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే రామభద్ర లాంటి లావు అక్షరాలకి వాలు నిలుస్తుంది. మండలి ఫాంట్ చదవడానికి హాయిగా ఉంటుంది, బెవెల్‌కి మాత్రం దాని గీతలు చాలవు.

అంత టైం లేదు, గంటలో ఫ్లెక్స్ వెళ్లాలి. దగ్గరి దారి ఉందా?

ఉంది. వెల్డ్ చేసిన అక్షరాలకి రెండు కాపీలు. కింది కాపీకి కాంటూర్ లోపలికి పది పదిహేను స్టెప్పులు, బయట మెరూన్ నుంచి లోపల పసుపు దాకా. పై కాపీకి తెలుపు నింపి, సాఫ్ట్ ఎడ్జ్ బెవెల్ వేసి, నీడ నలుపు పెట్టి, దాన్ని బిట్‌మ్యాప్‌గా (చుక్కల ఫొటోగా) మార్చి, ట్రాన్స్‌పరెన్సీలో మల్టిప్లై పెట్టండి. తెలుపు కరిగిపోతుంది, నీడ మాత్రం రంగుల మీద పడుతుంది. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. ఇరవై అడుగుల ఎత్తున కట్టాక ఎవరూ అంత దగ్గరగా చూడరు.

మెష్ ఫిల్ అంటే భయంగా ఉంది. అవసరమా?

మా గుంటూరు బ్రాడీపేట తెలుసు కదా, నిలువునా లైన్లు, వాటికి అడ్డంగా అడ్డరోడ్లు. అడ్రస్ చెప్పాలంటే ఏ లైను, ఏ అడ్డరోడ్డు అని రెండు అంకెలు చాలు. మెష్ కూడా అంతే. లైనూ అడ్డరోడ్డూ కలిసే ప్రతి కూడలిలో ఒక రంగు పెడతారు, కూడలికీ కూడలికీ మధ్య ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి రంగు కరుగుతుంది.

పలకలున్న బొమ్మకి ఇది అక్కర్లేదు. మిరపకాయకి కావాలి. ఇక్కడ కారప్పొడి ప్యాకెట్ల పని వస్తూనే ఉంటుంది, ప్రతి ప్యాకెట్ మీదా మిరపకాయ ఉండాల్సిందే. పొడవునా మూడు లైన్లు, అడ్డంగా ఐదారు రోడ్లు వేస్తే చాలు: తొడిమ దగ్గర పచ్చ, ఒంటి మీద ఎరుపు, కింది వంపులో ముదురు ఎరుపు, పై వంపు వెంట ఒక లేత చార. కూడళ్లు ఎక్కువ పెట్టకండి, పెట్టినకొద్దీ కాయ మీద గుంటలు పడతాయి.

ఇంక్‌స్కేప్‌లో ఫిల్టర్స్ మెనూలో బెవెల్స్ అని బోలెడు ఉన్నాయి. అవి వాడితే సరిపోదా?

తెర మీద చూసుకోవడానికి, వెబ్‌సైట్‌కి, వాట్సాప్‌కి సరిపోతుంది. సరదా కూడా. ఫిల్టర్ ఎడిటర్‌లోకి వెళ్తే ఎడమ నుంచి నారింజ దీపం, కుడి నుంచి నీలం దీపం, రెండు స్పెక్యులర్ లైటింగ్‌లు పెట్టి కలపవచ్చు. కోరల్ డాకర్‌లో రాని రంగురంగుల వెలుతురు ఇక్కడ వస్తుంది.

చిక్కు ప్రింట్‌కి పంపేటప్పుడు. పీడీఎఫ్ చేస్తే ఫిల్టర్ ఉన్న భాగం గీతలుగా వెళ్లదు, ఫొటోగా మారి వెళ్తుంది. ఎంత నాణ్యతతో మారాలో అడిగే గడిలో మామూలుగా 96 డీపీఐ ఉంటుంది. మాలో చాలామంది ఫ్లెక్స్‌ని అడుగుకి అంగుళం లెక్కన చేస్తారు, అంటే ప్రింట్‌లో 12 రెట్లు సాగుతుంది. 96ని 12తో భాగిస్తే 8. అంగుళానికి 8 చుక్కలు! 300 పెట్టినా 25కి పడిపోతుంది. అసలు సైజులో 100 కావాలంటే ఇక్కడ 1200 పెట్టాలి, సిస్టమ్ మూలుగుతుంది. చేత్తో కోసిన పలకలకి ఈ బాధ లేదు, ఎంత సాగినా అంచు పదునుగానే ఉంటుంది. కోరల్ దగ్గరి దారిలో బిట్‌మ్యాప్‌కీ ఇదే లెక్క.

తెర మీద మెరిసిన రంగులు ఫ్లెక్స్ మీద ఎందుకు చచ్చిపోతున్నాయి?

తెర వెలుగుతో రంగు చేస్తుంది, మెషిన్ సిరాతో చేస్తుంది. చిలకపచ్చ, ముదురు నీలం, ఊదా ఎక్కువ దెబ్బతింటాయి. మొదటినుంచే సీఎంవైకే (ప్రింట్ సిరాలు నాలుగింటి లెక్క) పెట్టుకుని పని చేయండి. బెవెల్‌లో ఇంకో నష్టం ఉంది: చీకటి పలకలన్నీ నలుపులోకి వెళ్లిపోయి ఒకటైపోతాయి. నీడ పలకల్లో నలుపు పెంచే బదులు అదే రంగు కుటుంబంలో ముదురు రంగు వేయండి, పసుపు నీడకి గోధుమ, ఎరుపు నీడకి మెరూన్.

బంగారంలా మెరవాలి, ఎలా?

బంగారం ఒక రంగు కాదు, పక్కపక్కన దూకే నాలుగు రంగులు. కోరల్ పాలెట్‌లో గోల్డ్ అని ఉండేది సి 0, ఎం 20, వై 60, కె 20. ఒక్కటే వేస్తే బిస్కెట్ రంగులా ఉంటుంది. దాని పక్కనే మీగడ రంగు, ఆ పక్కనే ముదురు గోధుమ, మళ్లీ పసుపు, మధ్యలో కరగకుండా తెగిపోయినట్టు పెడితేనే లోహంలా కనిపిస్తుంది.

అక్రిలిక్ అక్షరాలు కట్ చేయించాలి. ఈ బెవెల్ ఫైలే పంపవచ్చా?

వద్దు. కటింగ్ మెషిన్‌కి బయటి గీత ఒక్కటే కావాలి. పలకలతో పంపితే ప్రతి గీత మీదా కోసేస్తుంది.

డబ్బులు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాలా?

నేర్చుకోవడానికి అక్కర్లేదు. ఇంక్‌స్కేప్ ఉచితం, 2003 నుంచీ ఉంది, ఇప్పుడు బాగా స్థిరపడింది. పైన చెప్పిన పలకల పని మొత్తం అందులో అవుతుంది. ఉద్యోగానికి వెళ్తే మాత్రం ఇక్కడి షాపుల్లో ఎక్కువగా కోరల్ అడుగుతారు.

తర్వాత పేరులో తప్పు ఉందని ఫోన్ వస్తే?

వస్తుంది. ఇంటిపేరులో దీర్ఘం పోయిందని రాత్రి పదకొండింటికి వస్తుంది. కర్వ్స్, వెల్డ్ చేశాక టైప్ చేసిన అక్షరం మిగలదు, దీర్ఘం ఒక్కటి అతికించడం కుదరదు, ఆ అక్షరం పలకలన్నీ మళ్లీ కోయాలి. అందుకని కోయడానికి ముందు టెక్స్ట్ కాపీ ఒకటి పేజీ బయట పెట్టండి, బెవెల్ లేని సాదా ప్రూఫ్ వాట్సాప్‌లో పంపండి, "ఓకే" అని వాళ్లు రాసి పంపాకే మొదటి పలక మీద చెయ్యి వేయండి.